చుట్టూ గట్టు

పొద్దస్తమానం సముద్రం కేసే చూస్తూ కూర్చునే అత్తను కాస్త మరిపిద్దామని నూకాలు ముడసర్లోవ రిజర్వాయరుకి తీసుకొచ్చింది.

కొండ కింద చెట్ల నీడన ఇద్దరూ నీటి అంచునే నడిచారు. కోడలి గాజుల గలగల తప్ప వేరే చప్పుడు లేదు. కూర్చుందామన్నా మహాలక్ష్మమ్మ వినలేదు. నీళ్ళ కేసీ, అవతలి గట్టు కేసీ చూసుకుంటూ నడుస్తూనే ఉంది. అత్త మనసు కుదుటపడిందనుకుంది నూకాలు.

“కెరటం లేదు గదత్తా. పేణానికి సల్లగుంది.”

“సుట్టూ గట్టుందే నూకాలూ,” అంది మహాలక్ష్మమ్మ. “నా కొడుకు ఈ నీళ్ళల్లో పోయుంటే ఏదో గట్టుకి తేలేవోడు. ఒక్కపాలి మొకం సూసుకునేవోళ్ళం.”

వేటకెళ్ళిన మొగుడు ఏ ఒడ్డుకీ చేరలేదని ఇంకా తీసెయ్యని గాజుల్ని నూకాలు, మోగకుండా రెండో చేత్తో పట్టుకుని నడిచింది.