సముద్రం అందుకోలేని చోటు

జీపు దిగగానే నూకరత్నం అడిగిన మొదటి మాట: "నీళ్లేవి బాబూ?"

మణిదీప్ చేయి చాపి దూరంగా చూపించాడు. అక్కడా నీళ్లు లేవు.

సముద్రానికి వందల మైళ్ల దూరాన, వజ్రకరూరు దాటాక వచ్చే ఎర్రమట్టి బీడు అది. సముద్రం కోసేస్తున్న ఒక మత్స్యకారుల ఊరిని తరలించడానికి తీరప్రాంత నిర్వహణ ప్రణాళికలో ఆ చోటు ఎంపిక చేశారు. తీరం వెంట ఖాళీ జాగా లేదని కాదు. అదంతా రొయ్యల చెరువులకీ, రిసార్టులకీ అప్పటికే ఇచ్చేశారు. ఇక్కడైతే సముద్రం ఎంత తొందరపడి వచ్చినా అందుకోలేదు. ప్రణాళికలో ఆ మాట ఇంకొంచెం మర్యాదగా ఉంది.

మణిదీప్ ఆ ప్రణాళికను అమలుచేసే విభాగంలో చిన్న అధికారి. చోటు చూపించి ఔననిపించడం అతని పని. ఊరి తరఫున చూడటానికి నూకరత్నం, ఆమె మరిది సత్తిబాబు రాత్రి బస్సులో వచ్చారు. నూకరత్నం చేపల వ్యాపారం చేస్తుంది. ఆమె సరేనంటే ఊరంతా సరే.

బీడులో గొర్రెలు మేస్తున్నాయి. వాటి యజమాని చౌడప్ప కర్ర మీద గడ్డం ఆనించి వీళ్లనే చూస్తున్నాడు.

"యాడోళ్లప్పా మీరు?"

"సముద్రం ఒడ్డోళ్లమండి," అన్నాడు సత్తిబాబు.

"ఈడికొచ్చి ఏం పడతారు? తొండల్నా?"

మణిదీప్ సర్దిచెప్పబోయాడు. చౌడప్ప వినలేదు.

"మా తాత కాలం నుంచి ఈడ్నే గొర్లు మేపుతాండాం. ఇది పోతే నా జీవాలు ఏం తినల్ల? నీ ప్లానా?"

తర్వాత నూకరత్నం వైపు తిరిగాడు.

"అక్కా, ఉండేది చెప్తాండా. బోర్లు ఏసి ఏసి మా ఊరోళ్లు చితికిపోయినారు. వెయ్యి అడుగులు పోయినా దుమ్మే. వానొస్తే చేన్లల్లో వజ్రాలు దొరుకుతాయంటారు. వాన రావల్ల గదా."

"నిజం చెప్పే మనిషి ఒకడు దొరికాడు," అంది నూకరత్నం. వంగి గుప్పెడు మట్టి తీసి నలిపి వదిలేసింది. గాలికి అది ఎగిరి సత్తిబాబు చొక్కా మీద పడింది.

"రెండు వరసల ఇళ్లు పోయాయి బాబూ, కాదనను. మూడో వరస మాది. అలొస్తే గడప తడుస్తుంది. అయినా వల తప్ప మాకేం తెలుసు? ఇక్కడ వల దేని మీద వెయ్యాలి?"

అంతలో మణిదీప్ ఫోను మోగబోయి ఆగిపోయింది. సిగ్నల్ కోసం పక్కనున్న రాతిగుండు ఎక్కాడు. సత్తిబాబు కూడా పొద్దున దారిలోంచి ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నాడు గానీ కలవలేదు. గాలీవానా వస్తే వాళ్ల వైపు టవరు పడుకోవడం మామూలే.

గుండు మీద మణిదీప్ చాలాసేపు ఉన్నాడు. మాట్లాడటం కంటే వినడమే ఎక్కువ. దిగొచ్చి నూకరత్నం దగ్గరికి కాకుండా నేరుగా చౌడప్ప దగ్గరికి వెళ్లాడు. అతన్ని గొర్రెల అవతలికి తీసుకుపోయి ఏదో చెప్పాడు.

చౌడప్ప తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. కాసేపు గొర్రెల వంక చూశాడు.

తిరిగొచ్చింది వేరే చౌడప్ప.

"అక్కా, ఏదో కోపంలో అంటి గానీ, ఇది మంచి జాగానే. ఆ పక్కన బోరేస్తే నీళ్లు పడతాయి. కాలవ కూడా వస్తాదంటాండారు. నా గొర్లను కొండ పక్కకు తోలుకుపోతాలే. మీరు రాండి."

నూకరత్నం అతన్ని ఎగాదిగా చూసింది. బేరంలో ధర ఉన్నట్టుండి ఎందుకు మారుతుందో ఆమెకు తెలుసు.

"ఎంత ముట్టిందయ్యా నీకు?"

చౌడప్ప పక్కకు పోతున్న గొర్రెపిల్లను కర్రతో మళ్లించాడు.

"ఇందాకటిదాకా దుమ్మే అన్నావు. ఈ బాబు చెవిలో ఊదగానే ఊట పుట్టిందా?" మణిదీప్ వైపు తిరిగింది. "చదువుకున్నోడివి. మా ఊరు ఖాళీ చేయించడానికి ఇంత కక్కుర్తా?"

"అదేం లేదమ్మా," అన్నాడు మణిదీప్.

"పొద్దున్నుంచి ఏం తిన్యారో ఏమో. ముందు తినండక్కా. మాటలు తర్వాత," అని చౌడప్ప వాళ్లను బలవంతంగా ఇంటికి తీసుకుపోయాడు. అతని భార్య తిప్పమ్మ రాగిసంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. చౌడప్ప మంచం బయటికి తెచ్చి వేసి, పెట్టెలోంచి కొత్త దుప్పటి తీసి పరిచాడు.

"రెండు దినాలు ఈడ్నే ఉండిపోండి," అన్నాడు.

నూకరత్నానికి నవ్వొచ్చింది.

"తీసుకున్నదానికి బాగానే కష్టపడుతున్నాడు," అంది మరిదితో, అందరికీ వినబడేలాగే.

తిన్నాక తిప్పమ్మ చేతులకు చెంబుతో నీళ్లు పోస్తుంటే, నూకరత్నం సగం చెంబుకే చేయి అడ్డం పెట్టింది. చెంగుతో తుడుచుకుని లేచింది.

"మీ పెద్దోళ్లకి చెప్పు బాబూ. మేం ఒప్పుకోం. ఉన్నన్నాళ్లు మా ఇసకలోనే ఉంటాం. ఇక మమ్మల్ని బస్సెక్కించు. తెల్లారేసరికి ఇంటికాడ ఉండాలి."

మణిదీప్ జీపు తాళాలు చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"ఆయమ్మ పోతానంటాంది గదా, పోనీరాదా?" అంది తిప్పమ్మ మొగుడితో.

వాళ్ల ఊరి మనుషులను రాత్రే మెరకకు చేర్చారని, ఊరు మాత్రం తెల్లవారకముందే సముద్రంలో కలిసిపోయిందని మణిదీప్ అప్పటికి చెప్పింది చౌడప్ప ఒక్కడికే.