బుచ్చన్న ఛాతీ ఫొటో

బీచుపల్లి బుచ్చన్నకు మూడు వారాలుగా దగ్గు. మామూలు దగ్గు కాదు. వీధి ఆ చివర దగ్గితే ఈ చివర పడుకున్న కుక్క లేచి కూర్చునేది.

ఆ దగ్గు వల్లే పెళ్లి ఆగింది. వడ్డేపల్లి రాధమ్మతో సంబంధం ఖాయమైంది, బట్టలు కూడా కొన్నారు. ఇంతలో దగ్గు సంగతి పిల్ల తండ్రి వెంకట్రాములు చెవిన పడింది. "క్షయ ఉన్నోనికి నా బిడ్డనియ్య" అని మొండికేశాడు.

బుచ్చన్నకు రాధమ్మ అంటే ప్రాణం. దిగులుతో అన్నం మానేశాడు. దగ్గు మాత్రం మానలేకపోయాడు. కాపురం, పిల్లలు అన్నీ పక్కనబెట్టి అక్క బుజ్జమ్మ పూటకో కషాయం కాచి పోసింది. ఏదీ పని చేయలేదు.

చివరికి వెంకట్రాములే అతన్ని గద్వాలలో సాబిర్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఊపిరితిత్తుల ఫొటో తీసే మిషను ఆ ఏడే, పంతొమ్మిది వందల నలభై ఆరులో, డాక్టరు కొత్తగా తెప్పించాడు.

"గొట్టం పెట్టి వింటే అన్ని దగ్గులూ ఒక్కతీర్గనే ఉంటయ్," అన్నాడు డాక్టరు. "ఫొటోల తేడా తెలుస్తది. పైన బొక్క పడితే క్షయ అని అనుమానం. మంచు పట్టినట్టు మసక మసకగ ఉంటే వైరసు. జర ఓపిక పడితే దానంతటదే పోతది."

"మసకుంటే పిల్లనిస్త సాబ్. బొక్కుంటే ఇయ్య," అని తేల్చేశాడు వెంకట్రాములు.

బుచ్చన్న "రేపొస్త" అని ఇంటికి పరుగెత్తి అక్క ముందు కూలబడి ఏడ్చాడు.

"బొక్కుంటదక్కా! నాకు తెల్సు."

"నోర్మూస్కో. నీ పెండ్లి జేసే పూచీ నాది," అంది బుజ్జమ్మ.

మర్నాడు వెంకట్రాములు దవాఖాన అరుగు మీద ముందే కూర్చున్నాడు. "బుచ్చన్నా!" అని కాంపౌండరు ఆజం కేకేశాడు. తలకు రుమాలు, మూతికి తువ్వాల, ఒంటికి మందపాటి అంగీ, కింద ధోవతి. శాల్తీ గడప దాటి లోపలికి పోయింది.

"తాయెత్తులు, కడాలు ఉంటే తీసి పెట్టు," అన్నాడు ఆజం.

ఉన్నవి బల్ల మీదికి వచ్చాయి.

"అంగీ ఇప్పు."

తల అడ్డంగా ఊగింది.

"మొగోనికి సిగ్గేందిరా?"

తల ఇంకా గట్టిగా ఊగింది. వీడితో పెట్టుకుంటే పొద్దు గూకుతుందని ఆజం అంగీ మీదనే కానిచ్చాడు. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టడమే, వదలమన్నా వదల్లేదు.

బయట వెంకట్రాములు నోరు తెరిచాడు. "ఏందిది, ఒక్క దగ్గు గూడ ఇనబడలే!"

మధ్యాహ్నానికి ఫొటో ఆరింది. డాక్టరు ఇద్దరినీ లోపలికి పిలిచాడు. బుచ్చన్న వస్తూనే మూడుసార్లు దగ్గాడు. డాక్టరు ఫొటోను కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. దాన్ని చూశాడు, బుచ్చన్నను చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు.

"బొక్క లేదు."

బుచ్చన్న కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టాడు.

"మసక గూడ లేదు. అద్దం లెక్కున్నయ్ ఊపిరితిత్తులు."

వెంకట్రాములు ఒక్క ఉదుటున లేచి అల్లుణ్ని కావలించుకున్నాడు. "నిన్ను ఎంత పరేషాన్ చేస్తి కొడుకా! రేపే అయ్యగారిని పిలిచి ముహూర్తం పెట్టిస్త." బుచ్చన్న ఆనందం పట్టలేక ఏడ్చాడు, దగ్గాడు, మళ్లీ ఏడ్చాడు.

డాక్టరు ఫొటో నడిమధ్యన వేలు పెట్టాడు.

"అంత మంచిగనే ఉంది వెంకట్రాములూ, గని నీ అల్లుని మెడల ఈ రెండు పుస్తెలు ఎవరు కట్టిండ్రు?"