బల్ల దగ్గరి మనిషి

నా కథల్లో ఉప్పు ఎక్కువని ఊరంతా అంటారు. ఈ ఒక్క కథలో మాత్రం చిటికెడు కూడా కలపలేదు. మీ మీద ఒట్టు.

"నెల తిరిగేలోగా ఇవి పది అమ్మాలి అల్లుడూ. అమ్మావా, బాగుచేయించబోయే కొట్టుకు నువ్వే మేనేజరువి. లేదా, గుమ్మం దగ్గరి బల్ల ఎత్తేస్తాను," అన్నాడు మేనమామ, సన్నటి కొత్త ల్యాప్‌టాప్ ఒకటి చేతికిస్తూ.

కంప్యూటర్ల కొట్టు మేనమామది. గుమ్మం దగ్గరి బల్ల వెనక నిలబడి, వచ్చినవాళ్లకు యంత్రాలు చూపించే పని మేనల్లుడిది. మాట మెత్తగా జారుతుందని అతన్ని అందరూ వెన్నపూస అనేవారు. ఎనిమిదేళ్లుగా బల్ల పక్క స్తంభానికి వీపు ఆనించీ ఆనించీ, అక్కడి సున్నం అతని భుజాల కొలతకు ఊడిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఒకావిడ వచ్చింది. ఇళ్లకూ కొట్లకూ లోపలి నమూనాలు గీసే డిజైనర్.

"కొనేముందు నా పని దీనిమీద చేసి చూసుకోవాలండీ. నాలుగైదు రోజులు వస్తాను. అభ్యంతరమా?"

"నాలుగు నెలలు రండి మేడమ్. ముందు ఒక్క చేత్తో ఎత్తి చూడండి. పరీక్ష రాసే అట్టకు నాలుగు కాగితాలు తగిలించినంత బరువు, అంతే."

"బొమ్మలు తిప్పుతుంటే మధ్యలో మొరాయించదు కదా?"

"ఎందుకు మొరాయిస్తుంది? మామూలువాటిలో ఇంటి చాకిరీ అంతా ఒక్కడిదే. ఇందులో బొమ్మల పనికి విడిగా ఓ గ్రాఫిక్స్ చిప్ ఉంది. వంటకు వేరే మనిషిని పెట్టుకున్నట్టు. ఈ ధరలో ఇంకెవడు పెడతాడు చెప్పండి."

ఆవిడ తెరమీద వేలు పెట్టి సున్నా చుట్టింది. తెరలో ఒక కొట్టు, అరలతో దీపాలతో సహా, బొంగరంలా గిర్రున తిరిగింది. వెంటనే లోపలి ఫ్యాను రొద మొదలుపెట్టింది.

"ఏమిటండీ ఈ గోల?"

"పనిచేసేవాడికి ఆయాసం రాదా మేడమ్? చప్పుడు లేకుండా కూర్చునేవాడినే అనుమానించాలి."

ఆవిడా తక్కువది కాదు. వేలు ఆనిస్తే మూత ఊగుతోందంది. ఎడమ చేతి కింద వేడెక్కుతోందంది. తెరనిండా వేలిముద్రలే అంది. ఊగితే నిదానంగా ముట్టుకోమన్నాడు, వేడెక్కితే చలికాలం పనికొస్తుందన్నాడు, ముద్రలను తన జేబురుమాలుతో తుడిచాడు. తన స్టూలు ఆవిడకిచ్చి తాను నిలబడ్డాడు.

మూడోరోజుకల్లా ఆ బొమ్మ కొట్టుమీద వెన్నపూసకు సొంతిల్లంత మమకారం పుట్టింది.

"ఈ స్తంభం దిష్టిబొమ్మలా ఉంది మేడమ్. అద్దాలు తొడిగేయండి."

తొడిగింది.

"గుమ్మం పక్కనే బల్ల పెట్టండి. వచ్చినవాడి చేయి ముందు యంత్రానికే తగలాలి."

పెట్టింది.

"ఇంతకీ ఎవరిదండీ ఈ కొట్టు?"

"చెప్పనని మాటిచ్చానండీ."

"చెప్పకండి. ఎవరైతేనేం, ఆ బల్ల దగ్గర ఒక మాటకారిని పెట్టుకోమనండి. యంత్రం తనను తాను అమ్ముకోలేదు."

ఆవిడ వేలు ఆగింది. "ఆ మనిషి ఏం మాట్లాడాలో మీరే ఒకసారి చెప్పకూడదూ? మా యజమానికి చూపిస్తాను," అని ఫోను ఎత్తి పట్టుకుంది.

వెన్నపూస తల దువ్వుకున్నాడు. కాలరు సర్దుకున్నాడు. నాలుగు నిమిషాలు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. అయ్యాక ఆవిడ ఏదో చెప్పబోయి, మానుకుని, సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

నెలాఖరుకు తొమ్మిది అమ్మాడు. పదోది ఆవిడదేనని పెట్టె కట్టి పక్కన పెట్టాడు. వీధిలో చెప్పుల చప్పుడైనప్పుడల్లా మెడ సాచి చూశాడు. ఆవిడ రాలేదు గానీ, మేనమామ వచ్చి ఆ పెట్టె విప్పాడు.

"అది అమ్ముడైపోయినట్టే మామయ్యా. విప్పకు."

"అయిపోయిందిలే. కొన్నది నేనే. మన కొత్త కొట్టు బొమ్మ చూద్దువు గాని, రా."

తెరమీద కొట్టు గిర్రున తిరిగింది. వెన్నపూసకు ముందు అద్దాల స్తంభం కనిపించింది. తరవాత గుమ్మం పక్క బల్ల. రోజుకు మూడేసి గంటలు ఆ బొమ్మను చూసిన మనిషి, తన వీపు అరగదీసిన స్తంభాన్ని గుర్తుపట్టలేకపోయాడు.

"ఆవిడను నువ్వే పంపావా?"

"మరి? నీకు తెలిస్తే మొహమాటపడతావని చెప్పలేదు. భలే సలహాలు ఇచ్చావటగా."

"ఈ బొమ్మలో నేనెక్కడ నిలబడాలి మామయ్యా?"

"ఇంకా ఎన్నాళ్లు నిలబడతావు? ఇదిగో, ఇక్కడున్నావుగా," అని మేనమామ తెర మూల వేలు ఆనించాడు.

మూత కాస్త ఊగింది. తెరనిండా వెన్నపూస మొహం వచ్చింది. తల నున్నగా దువ్వి ఉంది. "రండి, రండి. ముందు ఒక్క చేత్తో ఎత్తి చూడండి," అంది ఆ మొహం.

"జీతం అడగదు, ఆదివారం సెలవడగదు," అన్నాడు మేనమామ, తెరమీద పడ్డ తన వేలిముద్రను తుడుస్తూ.

"పది అమ్మితే మేనేజరన్నావు."

"నువ్వమ్మింది తొమ్మిదేగా అల్లుడూ."

వెన్నపూస కొట్టు తాళంచెవి జేబులోంచి తీసి, సరిగ్గా కీబోర్డు నడుమ పడేలా విసిరి, తలెత్తుకుని, వెనుదిరిగి చూడకుండా వీధిలోకి వెళ్లిపోయాడు.

మీ మీద ఒట్టు వేశాను గనక, మీ క్షేమం కోరి ఒప్పుకుంటున్నాను: ఆ తాళంచెవి, తలెత్తుకోవడం, వెళ్లిపోవడం, మూడూ నేను కలిపిన ఉప్పే. వాడు ఉన్నచోటునుంచి కదల్లేదు. నాలుగు నిమిషాలూ రెప్పవేయకుండా విని, అదే జేబురుమాలుతో కళ్లు తుడుచుకుని, "ధర చెప్పేచోట నవ్వు చాల్లేదు మామయ్యా. ఇంకోసారి తీయిద్దాం," అన్నాడు.