గుడ్లగూబల గది

రెండేళ్ళ కిందటి ఉప్పెన తర్వాత రేపల్లె దిగువ లంకను జనం వదిలేశారు. అక్కడి పాత బడి మేడ మీది గదిలో గుడ్లగూబల జంట గూడు కట్టింది. దాన్ని గమనించి రాసుకోవడానికి బాపట్ల లెక్చరర్ మస్తాన్‌రావు వచ్చాడు. రాత్రి ఆ గది తలుపు గడియ పెట్టి, పడవ నడిపిన సింగయ్య లాంతరు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"ఉప్పెన రోజు మా ఆడమనిషి ఈ మెట్ల దాకా వచ్చిందంటండి. లోపలికెందుకు రాలేదో తెలీదండి, నీళ్ళలో కొట్టుకుపోయింది," అన్నాడు సింగయ్య.

మస్తాన్‌రావు తల దించుకున్నాడు. అప్పుడూ పక్షుల కోసమే వచ్చి, ఈ గదిలోనే చిక్కుకుపోయాడు. నీళ్ళకు భయపడి గడియ పెట్టుకున్నాడు. బయట ఒక ఆడమనిషి చాలాసేపు తలుపు తట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పుడు తలుపు మీద మెల్లగా చప్పుడైంది.

"ఎవరో తడుతున్నారండి. తియ్యమంటారా?"

"గుడ్లగూబలే. ముక్కుతో కొడతాయి."

సింగయ్య లాంతరు ఎత్తాడు. రెండు పక్షులూ గూటిలోనే ఉన్నాయి. రెండూ తలుపు వైపే చూస్తున్నాయి.

సింగయ్య గడియ తియ్యబోయాడు. మస్తాన్‌రావు ఒక్క ఉదుటున వెళ్ళి, గడియను రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

సింగయ్య అతని ముఖం మీదికి లాంతరు తెచ్చాడు. సిగ్గుతో మస్తాన్‌రావు కళ్ళు మూసుకున్నాడు, చేతులు మాత్రం తియ్యలేదు.

బయట తడుతూనే ఉన్నారు.