రంగం నుంచి వచ్చిన విద్యార్థి

ఏబేలు కుండను కాలితో తన్నాడు.

నీళ్ళు రాతిపొడిలోకి ఇంకిపోయాయి. నిమిషం పట్టలేదు.

"మార్కాపురంలో తాగేదానికే నీళ్ళు లేవు. నువ్వు రాతికి పోస్తావా?"

అప్పలసామి తల వంచుకుని కుండ ఎత్తాడు. పగల్లేదు.

"మళ్ళీ తెస్తాను గురువుగారూ. మోసేది నేనే కదా."

బడిపిల్లలు రాసే రాతిపలకలు చేసే ఆ షెడ్డుకు ఏబేలు మేస్త్రీ. రాయిని వేలితో కొట్టి, చప్పుడు విని, ఎక్కడ చీలుతుందో చెప్పేవాడు. చీల్చిన బిళ్ళలను అతని భార్య ఎలీషబా ఇసుకరాయితో రుద్ది నునుపు చేసేది. రెండేళ్ళుగా ఆమెకు దగ్గు. ఈ ఏడు మరీ ఎక్కువైంది.

అప్పలసామి సముద్రం అవతల రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో పుట్టిన తెలుగువాడు. పైదేశాల వాళ్ళకు చేతిపనులు నేర్పే పథకం కింద హైదరాబాదు ఆఫీసు కాగితం పట్టుకుని వచ్చాడు. కాగితంలో ఆరునెలల విద్యార్థి అని ఉంది. అతని వయసు యాభైకి దగ్గర.

"ఈ వయసులో బడేంది పెద్దాయనా? పలక మీద అ ఆలు దిద్దుకుంటావా?" అని ఆడవాళ్ళు నవ్వేవారు.

అతనూ నవ్వేవాడు.

"రాయి మాట వినడం నాకు రాదమ్మా. మీ మేస్త్రీకి వచ్చు."

మూతికి తడిగుడ్డ కట్టుకునేవాడు. తడపనిదే రాయిని ముట్టేవాడు కాదు. తెల్లవారకముందే దూరపు బావి నుంచి కావడితో రెండు కుండల నీళ్ళు తెచ్చేవాడు.

"తడి రాయి అబద్ధం చెప్తాది," అనేవాడు ఏబేలు. "పగులు కనపడదు. మా నాయన నాకు ఎండు రాతి మీదే నేర్పినాడు."

మధ్యాహ్నాలు రేకుల సందుల్లోంచి ఎండ దిగేది. ఆ వెలుతురులో పొడి కదలకుండా నిలబడేది. మనుషులు అందులో తేలుతున్నట్టు కనిపించేవారు. ఉలి చప్పుళ్ళు ఎక్కడో వేరే ఊళ్ళో మోగుతున్నట్టుండేవి.

"మీ రంగంలో వాన ఎట్ల ఉంటాదన్నా?" అని అడిగింది ఎలీషబా.

"పట్టిందంటే నాలుగు నెలలు వదలదు చెల్లెమ్మా. గోడలన్నీ నాచు. పొద్దున లేస్తే చెప్పులో కప్పపిల్ల."

"చెప్పులోనా!"

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది.

"రాళ్ళు ఎట్ల ఉంటాయి?"

"నల్లగా మెరుస్తాయి. పొడి అన్నది లేవదు."

ఆమె కళ్ళు మూసుకుంది. చేతులు మాత్రం రుద్దుతూనే ఉన్నాయి.

"మా వదిన ఈడికి రాలేదేం?"

"పోయింది. నీలాగే రాయి రుద్దేది. నీలాగే దగ్గేది."

అతను లేచి ఆమె బిళ్ళ మీద దోసెడు నీళ్ళు పోశాడు. ఆమె కాదనలేదు. మర్నాడు తనూ తడిగుడ్డ కట్టుకుంది.

పదకొండు రాత్రులు ఎలీషబా దగ్గకుండా నిద్రపోయింది.

ఏబేలుకు ఆ సంగతి తెలుసు. పక్కన పడుకున్నది అతనే.

పన్నెండో రోజు రాళ్ళు మోసే కృష్ణయ్య ఊరుకోలేదు.

"ఏంది మేస్త్రీ, నీ ఇంటామె విద్యార్థి కాడ పని నేర్చుకుంటాంది? రేపు నువ్వూ కూర్చుంటావా?"

షెడ్డంతా నవ్వింది.

ఏబేలు లేచి వెళ్ళి భార్య ముఖం మీది గుడ్డ లాగేశాడు.

అప్పలసామి చేతులు జోడించాడు.

"నన్ను తిట్టండి. నేను మీ దగ్గర చెవి నేర్చుకుంటాను. మీరు నా దగ్గర నీళ్ళు నేర్చుకోండి."

"నేర్చుకోను వచ్చినోడు మేస్త్రీకి నేర్పేదేంది? బళ్ళో ఎవడన్నా పంతులుకు పాఠం చెప్తాడా?"

ఎలీషబా మొగుడి ముఖం చూసింది.

"పోనీలే అన్నా," అని ఎండు బిళ్ళ చేతికి తీసుకుంది.

ఆ సాయంత్రమే ఏబేలు యజమాని నాగభూషణం దుకాణానికి పోయాడు.

"ఆయన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

నాగభూషణానికి మేస్త్రీ కావాలి. మూడో నెలలోనే అప్పలసామి బస్సెక్కాడు. ఎక్కబోతూ ఒక్క మాట అన్నాడు.

"చెల్లెమ్మను షెడ్డు బయట, గాలి తగిలేచోట కూర్చోబెట్టండి గురువుగారూ."

"నా ఇంటిదాని సంగతి నాకు తెలుసు. నువ్వు పో."

ఆమెను బయట కూర్చోబెట్టలేదు. పెడితే అతని మాట విన్నట్టవుతుంది.

మరుసటి ఎండాకాలం ఎలీషబా మంచం పట్టింది. చివరిరోజు కళ్ళు తెరవకుండానే అడిగింది.

"వాన పడతాందా?"

"లేదు," అన్నాడు ఏబేలు.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆమెను మట్టిచేసిన నెలకు హైదరాబాదు నుంచి సంజీవరావు అనే ఆఫీసరు వచ్చాడు. చంకలో ఫైలు ఉంది. షెడ్డులో నిలబడగానే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకా ఎండు రాయే రుద్దుతున్నారా? మరి అప్పలసామిగారు మూడు నెలలు ఏం నేర్పారయ్యా మీకు?"

"నేర్పేదేంది సార్? నేర్చుకోను వచ్చినాడు. పని రాలేదు. పోయినాడు."

సంజీవరావు ఫైలు తెరవబోయి ఆగాడు.

"పొడి తినకుండా రాతిపని చేయడం నేర్పే బడి ఒకటి రంగంలో ఉంది. ఆయన దానికి హెడ్మాస్టరు. మీకు నేర్పిపొమ్మని మేమే బతిమాలి పిలిపించాం."

"మరి కాగితంలో విద్యార్థి అని ఉండె గదా సార్!"

"పంతులునని చెప్పుకుని పోతే అక్కడి మేస్త్రీ చిన్నబోతాడు, విద్యార్థి అనే రాయండి అని ఆయనే అడిగి రాయించుకున్నాడు."