రెండు గుట్టుపెట్టెలు

“మెల్లిగా అంకుల్, ఎవరైనా వింటారు,” అంది లిడియా.

“విననీ. ఈ కొట్లో తెలుగొచ్చినవాళ్ళం నువ్వూ నేనూ. మిగతావాళ్ళకి మన మాటలు డబ్బాలో గులకరాళ్ళు,” అన్నాడు భీమారావు.

ఈ హిందీ ఊళ్ళోని పండరీ బట్టల బజారులో సేఠ్ గారి హోల్‌సేల్ కొట్టుకి ఆయన మేనేజరు. రైల్వేవాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ నుంచి వచ్చే లిడియా కంప్యూటర్ ఆపరేటరు. నాలుగు బ్రాంచీలవాళ్ళూ ధరలూ, కబుర్లూ, కాగితాలూ తమలో తాము పంచుకోవడానికి ఇంట్రానెట్ పెట్టిస్తానన్నాడు సేఠ్. రెండు కంపెనీలు చెరొకటి వాడి చూడమని ఇచ్చిపోయాయి. గుట్టు దాచేదాన్ని కొనాలి. కొన్నాక దాన్ని చూసుకునే పని లిడియాది. అప్పుడు ఆమె టెంపరరీ ఉద్యోగం పర్మినెంటవుతుంది.

భీమారావుకి రెండింటి మీదా అనుమానమే. ఆ మాటకొస్తే ఆయనకు గోడగడియారం మీదా అనుమానమే.

“ఒక్కోదాన్లో ఒక్కో అబద్ధం పెడదాం. మనిద్దరికి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా తాళం వెయ్యి. ఏది బయటికొస్తే ఆ పెట్టెకి చిల్లున్నట్టు. గుట్టంటే మా బొబ్బిలి తాతది. ఓసారి దొంగ ఇంట్లో జొరబడి, నగలు దొరక్క తాతనే లేపి అడిగాడు. తాత వాడికీ చెప్పలేదు, నానమ్మకీ చెప్పలేదు. చివరికి తనే మర్చిపోయాడు.”

బజారంతా చాచీ అని పిలిచే టీ ఆవిడకి గ్లాసులు అందిస్తూనే దగ్గుతెర వచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, “శక్కర్ ఠీక్ హై, సాబ్?” అని అడిగి, కెటిల్ పట్టుకుని పక్క కొట్టుకి పోయింది.

ఆవిడ ఖాళీ గ్లాసుల కోసం తిరిగొచ్చేసరికి, మొదటిదాన్లో పెట్టాల్సిన అబద్ధం లిడియాకి చెబుతున్నాడు భీమారావు: సేఠ్ చీరలు మానేసి దుప్పట్లు అమ్మబోతున్నాడు. మధ్యాహ్నానికల్లా దుప్పట్ల ఏజెంటొకడు నమూనాల మూటతో మెట్లెక్కాడు.

“చెప్పానా, చిల్లు,” అన్నాడు భీమారావు సంబరంగా. చాచీ పోసిన టీ చప్పరిస్తూ రెండో అబద్ధం చెప్పాడు: కొట్టు శంకర్ నగర్‌కి మారుతోంది. లిడియా టైపు చేసి తాళం వేసింది.

మర్నాడు తలుపు తీసేసరికి గుమ్మంలో హమాలీలు. అంత దూరం మారితే తమ గతేమిటట.

ఈసారి భీమారావు సంబరపడలేదు. రెండు వేరువేరు కంపెనీలు. రెండింటికీ ఒకేలా చిల్లెలా పడుతుంది? ఆయన చూపు మెల్లిగా లిడియా మీదకి తిరిగింది. నిన్న ఈవిడ ఫోనులో గుసగుసలాడింది. తనని చూసి పెట్టేసింది కూడా.

“నిన్న ఫోను ఎవరితోనమ్మా?”

“మా అత్తయ్యతో. నా మీదే శక్ చేస్తున్నారా అంకుల్?”

“చెప్పిన నోరు నాది, విన్న చెవులు నీవి. ఇక్కడ తెలుగు తెలిసిన మూడో మనిషిని చూపించు.”

“దేవుడు చూస్తున్నాడు, ఇంట్లో కూడా అనలేదు. ఈ నౌకరీ పోతే నాకు మళ్ళీ దొరకదు అంకుల్.”

“దేవుడు చూస్తే చాలదు, సేఠ్ నమ్మాలి,” అంటూ ఆయన సేఠ్‌కి ఫోను కలిపాడు. అవతల మోగుతోంది. లిడియా చున్నీతో కళ్ళొత్తుకుంది.

గ్లాసులోకి వంగిన కెటిల్ ఆగిపోయింది. చాచీ దాన్ని బల్ల మీద పెట్టి, కొంగు నడుముకి దోపుకుంది.

“ఆ పిల్లనొదిలెయ్యండి బాబూ, మాదీ బొబ్బిలే.”