గట్టు అవతలి గుమాస్తా

“‘విచారిస్తున్నాము’ ఏమిటయ్యా? మనమేమన్నా పరామర్శకు వెళ్తున్నామా? కొట్టేసి ‘ఖండిస్తున్నాము’ అని రాయి,” అన్నాడు కొత్తగా వచ్చిన ఇంజనీరు.

గుమాస్తా కొట్టేసి రాశాడు. ఆనకట్టకు ఉత్తరపు గట్టు మీది ఆఫీసు అది. దక్షిణపు గట్టు మీద అచ్చం ఇలాంటిదే ఇంకొకటి ఉంది. రెండు రాష్ట్రాలకూ నది నడిమధ్యన సరిహద్దు. నీళ్ళ వాటా మీద ఇటునుంచి ఉత్తరం వెళ్తుంది, అటునుంచి జవాబు వస్తుంది. రెండూ మర్నాటికి పత్రికలకెక్కుతాయి. ఆ ఉత్తరాలు చూపించే, ఇక కలిసి బతకలేం, ఎవరి దేశం వాళ్ళదేనని రెండు శాసనసభలూ పట్టుబట్టాయి. ఓటింగు శుక్రవారం. ఇవాళ బుధవారం.

“సార్, వాళ్ళ పంటలూ ఎండుతున్నాయి. చివర్లో ‘కూర్చుని మాట్లాడుకుందాం’ అని ఒక్క ముక్క పెడదామా?”

“పోయినవారం వాళ్ళు పెట్టారా? ఇదిగో వాళ్ళు రాసింది, విను. ‘మీ బుర్రల్లో ఉన్నంత ఇసుక మా కాలవల్లో కూడా లేదు.’ ఇది సర్కారు ఉత్తరమా, కుళాయి దగ్గర తగువా? పైగా సంతకం కోడి కెలికినట్టుంది.”

“ఇసుక మాట మాత్రం బాగా కుదిరింది సార్,” అన్నాడు గుమాస్తా.

“నువ్వు ఎవరి వైపు?”

“జీతమిచ్చేవాళ్ళ వైపు సార్.”

“వాళ్ళ ఇంజనీరు సెలవులో ఉన్నాడట. రాసేదీ, సంతకం పెట్టేదీ ఆ గుమాస్తానేనట. ఎలాంటివాడు?”

“నోట్లో నాలుక లేని మనిషి సార్. కలం పట్టుకుంటేనే పూనకం.”

“అయితే వాడి పూనకం దిగేలా రాయి.”

గుమాస్తా కాసేపు కలం కొరికాడు. తర్వాత ‘చెంబు పట్టుకుని అడిగితే పోసేవాళ్ళం, కన్నం వేసిన దొంగలకు పొయ్యం’ అని రాశాడు. ఇంజనీరు భుజం తట్టాడు. గుమాస్తాకు లోలోపల కాస్త గర్వంగానే అనిపించింది.

ఆనకట్ట మీది చిన్న ఉద్యోగాలన్నీ కేంద్రానివి. ఎవరు రిటైరైనా ఆ ఖాళీ నింపరు, ఉన్నవాళ్ళ నెత్తిన రుద్దుతారు. ప్యూను లేడు కాబట్టి ఉత్తరం మోసేదీ గుమాస్తానే. కవరు అంటించి బయలుదేరాడు. దారిలో భార్య ఫోన్ చేసింది. వాళ్ళ ఇల్లు దక్షిణపు గట్టున ఉంది.

“ఇవాళైనా మెత్తగా రాశారా?”

“ఇంజనీరు పక్కనే నిలబడ్డాడే. ఏం చెయ్యను?”

“శుక్రవారం తేడా వస్తే ఆనకట్ట మీద కంచె వేస్తారట. మీ జీతం అక్కడ, కొంప ఇక్కడ. నాన్న ఏ దేశంలో ఉన్నాడని పిల్లకి చెప్పమంటారు?”

“ఇటునుంచి వెళ్ళేది వెళ్ళింది. అటునుంచి మంచి జవాబు వస్తే చాలు, గండం గడిచినట్టే.”

“వస్తుంది. మీరు గట్టిగా అనుకుంటే ఎందుకు రాదు?”

“అనుకుంటున్నానే,” అన్నాడు. నిజంగానే అనుకున్నాడు. సగం దూరంలో కంచె కోసం అప్పుడే సున్నంతో గీత గీసి పెట్టారు. దాన్ని తొక్కకుండా దాటాడు. పిల్ల గుర్తొచ్చి భయం వేసింది.

దక్షిణపు గట్టు ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది. అక్కడి గుమాస్తా కుర్చీలో సర్దుకుని కూర్చుని, కవరు చింపి, ఉత్తరం మొదటినుంచి చదివాడు. ‘కూర్చుని మాట్లాడుకుందాం’ అని రాద్దామనే తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. దొంగలన్న మాట ఇంకోసారి చదివాడు.

రెండు గట్లకూ గుమాస్తా తనొక్కడే అయినా, ఒళ్ళు మండిపోయింది.